ఈడెన్ పార్క్ వాకిట్లో వాన కబుర్లు

ఆక్లాండ్‌లో ఉండే మనవాళ్లకు శాండ్రింగ్‌హామ్ అనగానే ముందు గుర్తొచ్చేది దోసె హోటళ్లు, పచారీ కొట్లు వరసగా ఉండే శాండ్రింగ్‌హామ్ రోడ్డు. అదే రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతే న్యూజిలాండ్‌లోకెల్లా పెద్ద స్టేడియం ఈడెన్ పార్క్ వస్తుంది. చలికాలం రగ్బీ, ఎండాకాలం క్రికెట్. మ్యాచ్ ఉన్న రోజు ఆ రోడ్డు మీద జట్ల గురించి ఎంత మాట్లాడుకుంటారో మబ్బుల గురించీ అంత మాట్లాడుకుంటారు. వెల్లింగ్టన్ నుంచి వచ్చినవాళ్లను గాలి పేరుతో, డునెడిన్ నుంచి వచ్చినవాళ్లను చలి పేరుతో ఆటపట్టిస్తారు. ఒక్క పూటలో నాలుగు కాలాలూ చూపించే ఊరని ఆక్లాండ్‌ను వాళ్లంతా కలిసి ఎద్దేవా చేస్తారు. మనవాళ్లు జాకెట్ జిప్పు మెడ దాకా లాక్కుంటూనే “మా రెంటచింతల ఎండ చూశావా, మా లంబసింగి చలి చూశావా” అని మధ్యలో దిగుతారు. ఇదంతా ఆట మొదలయ్యేదాకా పొద్దుపుచ్చే కాలక్షేపమని చాలామంది కొట్టిపారేస్తారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఒక ప్రాంతపు వాతావరణం గురించి అక్కడి మామూలు జనానికి తరతరాలుగా తెలిసిన సంగతులు నిలిచి ఉండే చోటు ఈ ఎగతాళే. కొత్తగా వచ్చి స్థిరపడుతున్న తెలుగువాళ్లకు దీని అవసరం అందరికన్నా ఎక్కువ.

ఎందుకో చెప్పాలంటే మన కార్తెల దగ్గర మొదలుపెట్టాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, ఉత్తర చూసి ఎత్తర గంప అని మన పెద్దలు అన్నది ఊరికే నవ్వుకోవడానికి కాదు. ఎండ ఎప్పుడు ముదురుతుందో, వాన ఎప్పటిదాకా రాకపోతే ఊరు విడిచి పోవాలో ఆ చిన్న మాటల్లో ఉంది. చదువు రాని రైతు కూడా వాటిని పట్టుకుని విత్తనం చల్లాడు. అయితే భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోగానే ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ సంక్రాంతి నడివేసవిలో వస్తుంది, జూన్ జులైల్లో చలి వణికిస్తుంది, వాన ఎక్కువగా పడేదీ ఆ చలికాలంలోనే. హైదరాబాద్‌లో ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడితే అందులో సింహభాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. ఆక్లాండ్‌లో 1,100 నుంచి 1,200 మిల్లీమీటర్లు పడుతుంది, అదీ ఏడాది పొడవునా. ఇంచుమించు మూడోవంతు రోజుల్లో ఎంతో కొంత చినుకు తప్పదు. ఒకవైపు వైటెమాటా, ఇంకోవైపు మానుకావ్, ఇలా రెండు రేవుల నడుమ సన్నని నేల మీద ఉన్న ఊరు కాబట్టి ఎటు గాలి వీచినా తడి వెంట తెస్తుంది. జల్లు వచ్చినంత వేగంగా పోతుంది, పోయినంత వేగంగా మళ్లీ వస్తుంది. మన పంచాంగం ఇక్కడ అక్కరకు రాదు. ఇక్కడి పంచాంగం ఇక్కడి జనం నోళ్లలోనే ఉంది, వాళ్లు దాన్ని మనసు విప్పి బయటపెట్టేది ఆట దగ్గర.

వాళ్ల ఒక్కో ఎత్తిపొడుపు వెనకా ఒక్కో భూగోళ పాఠం ఉంది. వెల్లింగ్టన్ గాలి మీద మాట పడటానికి కారణం కుక్ జలసంధి. రెండు దీవుల మధ్య ఆ సందులో గాలి ఇరుక్కుని దూసుకొస్తుంది. క్రైస్ట్‌చర్చ్ వాళ్లు తిట్టుకునే వాయవ్యపు వేడిగాలి దక్షిణ ఆల్ప్స్ పర్వతాలు దాటి వస్తుంది. ఆ కొండలు పడమటి గాలిలోని తడినంతా అటువైపే పిండేస్తాయి. పడమటి అంచున ఉన్న మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి ఆరు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడితే, కొండలకు ఇవతల సెంట్రల్ ఒటాగోలోని అలెగ్జాండ్రాలో 350 దగ్గరే ఆగిపోతుంది. మన అనంతపురంలో పడే వాన కన్నా తక్కువ! న్యూజిలాండ్ అంటే పచ్చగా తడిగా ఉండే దేశమని పోస్టర్లు చూసి అనుకునేవారికి ఈ సంగతి ఒక ఒటాగో అభిమాని నోట, “మా దగ్గర వాన కురవదు, మీలా తడిసి పాడవ్వం” అన్న దెప్పుతో తెలిస్తే ఇక మరిచిపోరు. డునెడిన్ చలికి తట్టుకోలేకే 2011లో కప్పుతో స్టేడియం కట్టుకున్నారు, కప్పు కిందే నిజమైన పచ్చిక పెంచుతున్నారు. నేపియర్‌ది ఇంకో కథ. 2019 జనవరిలో భారత్ అక్కడ వన్డే ఆడుతుంటే దిగిపోతున్న పొద్దు నేరుగా బ్యాటర్ల కళ్లలో పడి అరగంట సేపు ఆట ఆపేశారు. వానకు ఆట ఆగడం అందరం చూశాం, ఎండకు ఆగడం ఆ ఊళ్లో చూశాం. ఆ పిచ్ తూర్పు పడమరలుగా ఉందని ఆ రోజే కోట్లమంది భారతీయులకు తెలిసింది.

ఇక శాండ్రింగ్‌హామ్ విషయానికొస్తే, ఇక్కడి వాన మాటలకు నేలలోనే మూలం ఉంది. ఈడెన్ పార్క్ చుట్టుపక్కల పల్లపు ప్రాంతమంతా ఒకప్పుడు చిత్తడి నేల. క్యాబేజ్ ట్రీ అని పిలిచే పొడవాటి స్థానిక చెట్లు అందులో గుబురుగా పెరిగేవి, అందుకే పాత రోజుల్లో దాన్ని క్యాబేజ్ ట్రీ స్వాంప్ అనేవారు. 1903 ప్రాంతంలో అక్కడ క్రికెట్ మొదలైంది. నీళ్లు తోడి, మట్టి పోసి, నేలను మైదానంగా మార్చారు. నీళ్లు మాత్రం తమ పాత దారి మరిచిపోలేదు. 1975 జూన్ 14న స్కాట్లాండ్‌తో న్యూజిలాండ్ రగ్బీ టెస్టు ఆడాల్సిన రోజు ఉదయం నుంచి కుండపోత. మైదానంలో మడుగులు కట్టాయి. పర్యటనలో అదే చివరి ఆట కావడంతో వాయిదా వేయడానికి వీల్లేకపోయింది. ఆటగాళ్లు నీళ్లలో పడి జారుతూ, ఈదుతున్నట్టుగా ఆడారు. న్యూజిలాండ్ 24-0తో గెలిచింది, ఆక్లాండ్ కుర్రాడు బ్రయాన్ విలియమ్స్ రెండు ట్రైలు చేశాడు, బంతిని నిలబెట్టడానికే పొడి చోటు దొరకని ఆ నేల మీద జో కారమ్ నాలుగు కన్వర్షన్లూ గోల్ స్తంభాల మధ్యకు తన్నాడు. అప్పటినుంచి దానికి ‘వాటర్ పోలో టెస్ట్’ అనే పేరు స్థిరపడిపోయింది. యాభై ఏళ్లు గడిచినా, ఈడెన్ పార్క్ మీద మబ్బు పట్టినప్పుడల్లా ఎవరో ఒక పెద్దాయన ఆ ఆట ఊసెత్తుతాడు. ఆయన చెబుతున్నది పాత గెలుపు ముచ్చటే అనిపిస్తుంది. నిజానికి ఈ నేల చిత్తడిదని, గట్టిగా వాన కొడితే నీళ్లు ఇక్కడికే చేరతాయని చెబుతున్నాడు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం క్రీడాభిమానుల నుంచే వస్తుంది. వాతావరణం గురించి గొప్పలు చెప్పుకోవడం ఓటమికి ముందే సాకు వెతుక్కోవడమని వాళ్లంటారు. అందులో కొంత నిజముంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తరాది, దక్షిణాది అభిమానుల మధ్య ఈ గొడవ ఎప్పటినుంచో ఉంది. చలికి అలవాటుపడ్డ జట్టుతో దక్షిణాది జట్టు మంచులో ఆడితే చిత్తవుతుందని ఉత్తరాదివాళ్లు ఏళ్ల తరబడి సవాలు చేస్తూ వచ్చారు. ప్లేఆఫ్‌ను పన్నెండు జట్లకు పెంచాక 2024 డిసెంబరులో మొదటిసారి తొలి రౌండు ఆటలు క్యాంపస్‌లలో జరిగాయి. టెన్నెసీ ఒహాయో స్టేట్ చేతిలో 42-17తో, ఎస్‌ఎంయూ పెన్ స్టేట్ చేతిలో 38-10తో చలిలో ఓడాయి. చూశారా, మేం చెప్పలేదా అన్నారు ఉత్తరాదివాళ్లు. అయితే అదే రౌండులో చలికి కొత్త కాని ఇండియానా కూడా నోటర్ డామ్ దగ్గర ఓడింది, వెచ్చగా ఉండే ఆస్టిన్‌లో టెక్సాస్ క్లెమ్సన్‌ను ఓడించింది. నాలుగింటికి నాలుగూ ఇంటి జట్లే గెలిచాయి. చలి వల్ల గెలిచారా, సొంత గడ్డ మీద బలమైన జట్టు కావడం వల్ల గెలిచారా అంటే రెండోదే సబబుగా తోస్తుంది. ఈడెన్ పార్క్‌లో ఆల్ బ్లాక్స్ 1994లో ఫ్రాన్స్ చేతిలో ఓడాక మూడు దశాబ్దాల పాటు ఓటమి ఎరగకపోవడం కూడా ఆక్లాండ్ వాన చలవ కాదు. ఎండలోనూ గెలిచారు, తడిలోనూ గెలిచారు.

అయినంత మాత్రాన ఆకాశానికి ఆటతో పని లేదనలేం. అది గెలిపించకపోవచ్చు, లెక్క మార్చగలదు. 2022 నవంబరు 22న నేపియర్‌లో జరిగిన టీ20 చూడండి. మన హైదరాబాదీ సిరాజ్ 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీస్తే న్యూజిలాండ్ 160కి ఆలౌటైంది. భారత్ తొమ్మిది ఓవర్లకు 4 వికెట్ల నష్టానికి 75 దగ్గర ఉండగా వాన దిగింది, మళ్లీ ఆట సాగలేదు. డక్‌వర్త్ లూయిస్ లెక్కలో ఆ క్షణానికి సమం కావడానికి కావాల్సింది సరిగ్గా 75. ఆట టై అయింది. చివరి బంతికి ఒక్క పరుగు తీసుంటే గెలుపు మనదే! అంతకు నాలుగు రోజుల ముందు వెల్లింగ్టన్‌లో టాస్ కూడా పడకుండానే మ్యాచ్ రద్దయింది. తర్వాత హామిల్టన్‌లో ఒకటి, క్రైస్ట్‌చర్చ్‌లో ఒకటి వన్డేలు వానకు కొట్టుకుపోయాయి. 2015 మార్చి 24న ఇదే ఈడెన్ పార్క్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్ 43 ఓవర్లకు కుదించాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా 281 చేస్తే న్యూజిలాండ్ లక్ష్యం 298గా మారింది, ఒక్క బంతి మిగిలుండగా ఎలియట్ సిక్సర్‌తో ఆట ముగిసింది. ఇవన్నీ చూసిన అభిమాని మబ్బు వైపు చూసి మాట్లాడితే అది సాకు వెతకడం కాదు. ఎన్ని ఓవర్ల దగ్గర ఎంత ఉండాలో, ఏ వైపు నుంచి జల్లు వస్తోందో లెక్క కట్టుకుంటున్నాడు. ఆట అర్థమైనవాడి లక్షణమది.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ప్రాంతాల పేరుతో ఎగతాళి ఎక్కడ మొదలైనా మనుషుల్ని కించపరచడం దగ్గర తేలుతుందని కొందరు భయపడతారు. మన రెండు రాష్ట్రాల్లో యాస మీద, తిండి మీద, నడవడి మీద పడ్డ వెటకారాలు ఎంత లోతుగా గాయపరిచాయో తెలిసినవాళ్లు ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేరు. నేనూ తీసుకోను. కానీ ఆకాశాన్ని అనడానికీ మనిషిని అనడానికీ తేడా ఉంది. బెజవాడ ఎండ బెజవాడవాడు చేసింది కాదు, వెల్లింగ్టన్ గాలి వెల్లింగ్టన్‌వాడు ఊదింది కాదు. ఎవరి తప్పూ లేని విషయం మీద ఇద్దరూ నవ్వుకోవచ్చు. పైగా ఇందులో అబద్ధం ఎక్కువసేపు నిలవదు, సాయంత్రానికల్లా ఆకాశమే తేల్చేస్తుంది. హద్దు దాటేది ఎప్పుడంటే, “వేడి దేశంవాళ్లు, వీళ్లు చలికి ఆగలేరు” అని పక్కవాడు అన్నప్పుడు, లేదా “ఈ మాత్రం ఎండకే సొమ్మసిల్లుతారా” అని మనం అన్నప్పుడు. ఆ క్షణంలో మాట ఆకాశం మీది నుంచి మనిషి ఒంటి మీదికి దిగుతుంది. రెండో రకం గొప్పల్లో మనవాళ్ల పాత్ర తక్కువేమీ కాదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఎక్కువగా పోయింది ఎండలో పని మానుకోలేని కూలీలు, ముసలివాళ్లు. రెంటచింతల ఎండను తట్టుకుంటామని చెప్పుకునే ముందు, తట్టుకోలేక పోయినవాళ్లు ఎవరో గుర్తుంచుకోవాలి. ఎండ గురించి చెప్పండి. ఎండకు తట్టుకోవడం మగతనమని మాత్రం చెప్పకండి.

మూడో అభ్యంతరమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నవ్వుకోవడం అలవాటైతే ప్రమాదం వచ్చినప్పుడు కూడా నవ్వే వస్తుందని, ‘ఆక్లాండ్ అన్నాక వాన పడదా’ అన్న మాటే ఊరిని ఏమరుపాటులో పడేసిందని అనేవాళ్లు 2023 జనవరి 27ను చూపిస్తారు. ఆ శుక్రవారం ఆక్లాండ్ విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 240 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. వేసవి రెండు మూడు నెలల్లో కలిపి పడాల్సిన వాన అది. నలుగురు చనిపోయారు. మౌంట్ ఈడెన్, మౌంట్ రోస్కిల్, శాండ్రింగ్‌హామ్ వంటి పేటల్లో వీధులు, ఇళ్లు మునిగాయి. ఆ సాయంత్రం మౌంట్ స్మార్ట్ స్టేడియంలో ఎల్టన్ జాన్ కచేరీ. వాన కురుస్తూనే ఉంది, జనం రెయిన్‌కోట్లు వేసుకుని వస్తూనే ఉన్నారు. వేలమంది లోపలికి చేరాక, మొదలు కావడానికి కొద్దిసేపు ముందు రద్దు చేశారు. నగరంలో అత్యవసర పరిస్థితి ప్రకటించేసరికి రాత్రి పది దాటింది. అప్పటికే మునగాల్సిన ఇళ్లు మునిగాయి.

ఈ ఉదాహరణ నన్నూ కదిలించేదే, కానీ దాన్నుంచి నేను తీసే పాఠం వేరు. ఆ రోజు మనుషులు దెబ్బతిన్నది వాన మాటలు ఎక్కువై కాదు, వాటిలోంచి సరుకు జారిపోయి. ‘ఇక్కడ వాన పడుతుంది’ అన్న సగం మాట మిగిలింది, ‘పడితే నీళ్లు ఎటు పోతాయి’ అన్న మిగతా సగం పోయింది. 1975 ఆటను చెప్పే పెద్దాయన దగ్గర రెండు సగాలూ ఉన్నాయి. కొత్తగా అద్దెకు దిగినవాడి దగ్గర ఏదీ లేదు. శాండ్రింగ్‌హామ్, మౌంట్ ఈడెన్ నేల కింద పాత అగ్నిపర్వతాల లావా రాయి ఉంటుంది. అక్కడ చాలా ఇళ్ల పైకప్పుల మీది వాన నీళ్లు కాలవల్లోకి కాకుండా ఆ రాతి పగుళ్లలోకి ఇంకే గుంతల్లోకి పోతాయి. ఆ గుంతల్లో ఆకులూ మట్టీ పేరుకుంటే, లేదా ఇంకే వేగాన్ని మించి వాన కొడితే, నీళ్లు పెరట్లోంచి పల్లం వైపు పరుగెత్తుతాయి. పల్లం ఎక్కడుందో పాత చిత్తడి నేల ఎప్పుడో చెప్పింది. వేసవిలో ఎండ పూట వచ్చి ఇల్లు చూసుకుని, స్కూలు దగ్గర, దోసె హోటలు దగ్గర, అద్దె కూడా ఫర్వాలేదనుకుని సంతకం పెట్టే తెలుగు కుటుంబానికి ఈ సంగతి ఏజెంటు చెప్పడు. చెబితే పక్కింటివాడు చెప్పాలి. పక్కింటివాడితో ముందు మాట కలిసేది ఎక్కడ? పనిగట్టుకుని వరదల గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఆట మీదుగా, వాన మీదుగా, నవ్వు మీదుగా అయితే మాట దానంతటదే అక్కడికి చేరుతుంది.

దీనికి మన దగ్గరా సాక్ష్యముంది. 2014 అక్టోబరు 14న విశాఖలో వెస్టిండీస్‌తో వన్డే జరగాలి. రెండు రోజుల ముందు హుద్‌హుద్ తుపాను తీరం దాటింది, మ్యాచ్ రద్దయింది. ఇవాళ్టికీ విశాఖలో ఏ మ్యాచ్ ముందైనా మబ్బు పడితే హుద్‌హుద్ ప్రస్తావన వస్తుంది, దాంతోపాటు ఏ చెట్లు కూలాయో, ఎన్నాళ్లు కరెంటు లేదో, ఏ వీధి ముందు తేరుకుందో అన్నీ వస్తాయి. హైదరాబాద్‌వాళ్లకు 2017 అక్టోబరు 13 గుర్తుంటుంది. ఆస్ట్రేలియాతో టీ20కి ఉప్పల్ స్టేడియం నిండిపోయింది, సాయంత్రం వాన లేదు, కానీ అంతకుముందు కురిసిన వానకు మైదానం ఆరక ఒక్క బంతీ పడలేదు. వాన ఆగినంత మాత్రాన నీళ్లు పోవని, నేలలోంచి పోయే దారి ఉండాలని ఆ రాత్రి ఇంటికెళ్లిన వేలమందికి ఏ ఇంజినీరూ పాఠం చెప్పనక్కర్లేకుండా అర్థమైంది. వాతావరణ శాఖ బులెటిన్ అవసరమే, దాని స్థానంలో కబుర్లు పెట్టమని నేననను. బులెటిన్ రేపెంత పడుతుందో చెబుతుంది. పడితే మన సందులో ఏమవుతుందో చెప్పేది జనం జ్ఞాపకమే.

వాతావరణం మారిపోతున్నప్పుడు పాత జ్ఞాపకాలు ఎందుకని అడిగేవారూ ఉన్నారు. మారుతోంది కాబట్టే కావాలి. వెచ్చబడిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు ఏడు శాతం ఎక్కువ. అంటే కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. ముందెలా ఉండేదో తెలియనివాడికి ఇప్పుడెంత మారిందో ఎలా తెలుస్తుంది? తాత చెప్పిన 1975నూ, తండ్రి చూసిన 2023నూ పక్కపక్కన పెట్టి చూసుకునే పిల్లవాడికి ఆ తేడా అంకెలు చదవకముందే తెలుస్తుంది.

అందుకే శాండ్రింగ్‌హామ్‌లో ఉన్న మనవాళ్లకు ఒక విన్నపం. మ్యాచ్ రోజున ఆ వాన మాటల్లో పక్కన నిలబడకండి, దిగండి. మన రెంటచింతల ఎండ గురించి, లంబసింగి మంచు గురించి, హుద్‌హుద్ గాలి గురించి గర్వంగా చెప్పండి. చెప్పాక ఎదుటివాళ్లను అడగండి, 2023లో ఈ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని, ఏ వైపు నుంచి వచ్చాయని, అప్పుడు కారు ఎక్కడ పెట్టుకున్నారని. తెలుగు సంఘాలవాళ్లు ఉగాది, సంక్రాంతి సభల్లో పది నిమిషాలు దీనికి కేటాయిస్తే కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఎంతో మేలు. ఆక్లాండ్ కౌన్సిల్ ‘ఫ్లడ్ వ్యూయర్’ పేరుతో పెట్టిన వరద పటాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు చిరునామా అందులో కొట్టి చూడండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.